తుమ్మచెట్టు కింద చక్రాల ఇల్లు

గుంటూరు నుంచి పర్చూరు దాకా సోలారు పని చేసేవాళ్ళలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ఒక పెద్దాయన ట్రాక్టరు ట్రక్కు మీద రేకుల గది కట్టించుకుని, దాని నెత్తిన సోలారు ప్యానెళ్ళు పెట్టించుకున్నాడట. పెట్టించుకుని, ఎండ మండిపోతోందని తీసుకెళ్ళి చెట్టు కింద ఆపాడట. ఆపి, కరెంటు రావడం లేదని షాపుకి ఫోన్ చేశాడట. మీరూ విని ఉంటే నవ్వే ఉంటారు. నవ్వొచ్చేటట్టు కట్టిన కథ అది. కట్టింది నేనే.

అందులో ట్రక్కు నిజం, చెట్టు నిజం, ఫోన్ నిజం. తప్పు ఆయనదన్న మాట మాత్రం అబద్ధం. ఆయన పోయాడని నాకు మొన్న ఫిబ్రవరిలో తెలిసింది. ఇది రాయకపోతే ఆయన గుర్తుగా ఆ కథే మిగిలిపోతుంది. పేరు మాత్రం రాయొద్దని ఆయన భార్య అడిగింది. రాయను.

బ్రాడీపేటలో మా షాపుకి ఆయన మొదటిసారి వచ్చిన రోజు లోపల ఇద్దరు కస్టమర్లున్నారు. తెల్లచొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు. ఇనప కుర్చీలో కూర్చోబోతూ దాని చేతిని తన చేతి వెనకవైపుతో ఒకసారి తాకి చూశాడు. ఆ తర్వాతే కూర్చున్నాడు. టీ తెప్పిస్తే గ్లాసునీ అలాగే తాకాడు. నేను చూస్తుండటం గమనించి చెప్పాడు.

"ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశాను బాబూ. లోపలివైపుతో ముట్టుకుంటే చెయ్యి తీగని పట్టేసుకుంటుంది. వెనకవైపుతో ముట్టుకుంటే చెయ్యే వెనక్కొచ్చేస్తుంది. మనిషి మిగుల్తాడు."

"టీ గ్లాసులో కరెంటుండదు కదండీ?"

"అలవాటు బాబూ. దేనికైనా ముందు చెయ్యి వెనక్కి తిప్పుతాను."

ఎండబోసిన మిరపకాయల్ని కూడా అలాగే చూసేవాడని తర్వాత చూశాను. రాశి మీద వేళ్ళ వెనకభాగం ఆనించి, ఇంకో రెండెండలు కావాలనేవాడు. భార్య నుదురు కూడా అంతే. ఎవరినీ ఏ ఊరని అడిగేవాడు కాదు, "మీది ఏ ఫీడరు?" అనేవాడు. నేను చెప్పగానే, ఆ లైను మీద గాలొస్తే ఎక్కడ తెగుతుందో, ఏ స్తంభం ఒరిగి ఉంటుందో చెప్పేవాడు. ఆయన చెప్పిన స్తంభం మా వీధిలోదే. నిజంగానే ఒరిగి ఉంది.

రిటైరయ్యాక ఆయన కౌలుకి పొలం తీసుకుని మిరప వేసేవాడు. మిరప వేసిన చేలో మరుసటేడు మళ్ళీ మిరప వేయడు, అందుకని ఏటా పొలం మారేది. కోతలు మొదలయ్యాక, కాయ కల్లంలో ఎండినన్నాళ్ళూ మనిషి అక్కడే ఉండాలి. మిగతా రైతులు పట్టాలు కప్పి పాక వేసుకుంటారు. ఆయనకి పాక చాల్లేదు. పాత ట్రక్కు ఒకటి సంపాదించి, సత్తెనపల్లిలో వెల్డింగు చేయించి, పది అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు గది కట్టించాడు. రెండు కిటికీలు, మడిచే మంచం, గ్యాసుపొయ్యికి చిన్న అరుగు. ఊళ్ళో అందరూ చక్రాల కొంప అనేవాళ్ళు. ఆయన మాత్రం ఇల్లనే అనేవాడు.

"ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎప్పుడు లైను తెగితే అప్పుడు పోయాను బాబూ. సగం అన్నంలో లేచిపోయిన రోజులు లెక్కలేదు. మాకు పిల్లల్లేరు. ఆమె ఒక్కతే గుమ్మంలో కూర్చుని నేను స్తంభం దిగానో పడ్డానో అని చూసేది. ఇప్పుడు మళ్ళీ నేను కల్లంలో, ఆమె ఇంట్లో అంటే ఎట్లా? ఎక్కడున్నా ఇద్దరం ఉండాలి."

ఆమెకి షుగరు. రోజూ రెండుపూటలా ఇన్సులిన్ పొడుచుకోవాలి. చలికాలమంతా ఆ సీసాల్ని తడి ఇసకలో పెట్టిన కుండలో దాచేవాళ్ళు. మార్చి వస్తే కుండ చాలదని డాక్టరు గట్టిగా చెప్పాడట. ట్రక్కు మీద చిన్న ఫ్రిజ్ ఒకటి నడిస్తే ఆమె ఆయనతో ఉంటుంది. నడవకపోతే ఉండదు. ఆయన మా షాపు మెట్లెక్కింది అందుకు.

ప్లాను వేసుకునే వచ్చాడు. ఏదో పెళ్ళి శుభలేఖ వెనక పెన్సిలుతో గీసుకున్న బొమ్మ. వస్తువుల పక్కన వాట్లు రాయలేదు, వేళలు రాశాడు. ఫ్యాను, పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు. లైట్లు రెండు, అన్నం తినే వేళ. ఫ్రిజ్ ఎదురుగా మాత్రం 'ఎప్పుడూ' అని రాసి కింద గీత గీశాడు. ఒక పక్క చెట్టు, చెట్టు కింద చక్రాల ఇల్లు. ఇంకో పక్క, దూరంగా ఎండలో, కాళ్ళున్న మడతమంచంలాంటిది. రెంటినీ కలుపుతూ పొడుగ్గా ఒక గీత.

"ఇవేంటండీ?"

"పలకలు." ప్యానెళ్ళని ఆయన ఎప్పుడూ పలకలనేవాడు. "ఇంటి మీద వద్దు బాబూ. ఎక్కడికెళ్ళినా ఇల్లు నీడలో ఆపుతాను. పలకల్ని దించి ఎండలో నిలబెడతాను. మధ్యలో లావుపాటి వైరు ముప్పై అడుగులు. ఇల్లు కదిలేటప్పుడు మడిచి లోపల పెట్టుకుంటాం."

పదిహేనేళ్ళ పైనుంచి ఈ పని చేస్తున్నాను. డిప్లొమా ఉంది, గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్లున్నాయి. నేను నవ్వాను.

"టాప్ ఉంచుకుని నేల మీద పెట్టుకుంటారా ఎవరైనా? పైగా ప్యానెళ్ళే మీ రేకుకి నీడ ఇస్తాయి. రెండు విధాలా లాభం."

"పైకప్పుకి పడుతుంది బాబూ, గోడలకి పడదుగా? అవీ రేకులే. మధ్యాహ్నం ఆ ఇల్లు ఎండలో ఉంటే అందులో మనిషి ఉండలేడు. నీడకి జరిపితే పలకలు పనిచెయ్యవు. ఒక మూలన కొమ్మ నీడ పడినా కరెంటు సగానికి సగం పడిపోతుంది. నీకు తెలీనిదా?"

తెలుసు. అది తెలియనివాడు ఈ పని చేయకూడదు. కానీ ఆయన ఆ మాట ఇద్దరు కస్టమర్ల ముందు అన్నాడు. అందులో ఒకాయన నా వైపు తిరిగి, "పెద్దాయన చెప్పింది పాయింటే కదండీ" అన్నాడు. "మీరు స్తంభాలెక్కారు, ఇది వేరే సబ్జెక్టు" అన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. శుభలేఖని నా వైపు జరిపి, "ఇది నీ దగ్గరే ఉంచు బాబూ, తీరిగ్గా చూడు" అన్నాడు. నేను సొరుగులో పడేశాను.

ప్యానెళ్ళు టాప్ మీదే బిగించాను. నా దగ్గర ఆ సైజు ఇనప పట్టీలు తయారుగా ఉన్నాయి. మడిచే స్టాండు చేయించాలంటే వారం పని. ఇంకో కారణం కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. నెత్తిన రెండు నల్లటి ప్యానెళ్ళతో ఆ చక్రాల ఇల్లు ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. షాపు బోర్డు మీద వేయించాలనుకున్నాను, వేయించాను కూడా. ఆయనకి మాత్రం, "ముందిట్లా వాడి చూడండి, నచ్చకపోతే అప్పుడు మీరన్నట్టు మారుద్దాం" అని చెప్పాను. పెద్దవాళ్ళు మన మాట నమ్మడానికి ఆ వాక్యం బాగా పనికొస్తుంది.

బిగించిన రోజు జనవరి చివర. చల్లటి పూట. మంచం కింద బ్యాటరీ కలపగానే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ సన్నగా రొద పెట్టింది. ఆవిడ ఇన్సులిన్ సీసాల్ని కుండలోంచి తీసి, తడి తుడిచి, మూడింటినీ ఫ్రిజ్‌లో వరసగా పెట్టింది. ఆయన రేకుగోడని చేతి వెనకవైపుతో తాకి, నా వైపు చూశాడు. తర్వాత ఒక వెదురుకర్ర తెచ్చి, ప్యానెళ్ళ పైఅంచు దాకా కొలిచి, అక్కడికి నరికాడు. ట్రాక్టరు బండిని లాగుతుంటే, ఆయన ఆ కర్ర నిట్టనిలువుగా పట్టుకుని ముందు నడిచాడు. రోడ్డుకడ్డంగా వేలాడే ప్రతి సర్వీసు వైరు దగ్గరా ఆగి, కర్ర తగలకుండా దాటితేనే ట్రాక్టరుని రమ్మనేవాడు. మూడు కిలోమీటర్లు అలా నడిచాడు. ట్రాక్టరు డ్రైవరు విసుక్కుని, "ఏం పెద్దాయనా, దేవుడి ఊరేగింపా ఇది?" అని అరిచాడు. "లోపల మా ఆవిడుందిరా" అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే.

మార్చిలో ఎండ ముదిరింది. ఒక సోమవారం ఫోన్ చేశాడు.

"బాబూ, మా ఆవిడ ఇంట్లో ఉండలేకపోతోంది. నిన్న కళ్ళు తిరిగాయి. నీడకి జరిపాను. ఫ్రిజ్ ఆగుతోంది."

"నీడలో పెడితే ఎట్లా నడుస్తుందండీ?" అని నేను నవ్వాను. పక్కన మా స్టాఫ్ కూడా నవ్వారు.

"అదేగా బాబూ మనం అనుకున్నది. ఆ ముప్పై అడుగుల వైరు పంపించు. స్టాండు సంగతి నేను చూసుకుంటాను."

'మనం' అన్నాడు. 'నేను చెప్పానుగా' అనలేదు. పంపిస్తానన్నాను. వైరు షాపులోనే ఉంది, మేడ మీద చుట్ట చుట్టి. ఆ వారం ఒక కాలేజీ టాప్ మీద పెద్ద పని నడుస్తోంది. మంగళవారం ఆయన మళ్ళీ చేశాడు, రేపన్నాను. గురువారం చేస్తే ఎత్తలేదు. శుక్రవారం ఆవిడ కల్లంలో పడిపోయింది. నాలుగు రోజులు ఆ రేకుపెట్టెలో ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంది. వేడికి మందు బలం పోయింది. రెండుపూటలా పొడుచుకుంటూనే ఉంది పాపం, లోపల పనిచేసేది ఏమీ లేదు. గుంటూరులో ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది.

ఈ సంగతి గది కట్టిన వెల్డింగు మనిషి నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన కోసం నేను భయపడలేదు, నా కోసం భయపడ్డాను. ఎవరైనా నన్ను అడిగేలోపే నేను చెప్పడం మొదలుపెట్టాను. ముందు ఆ వెల్డింగు మనిషికే చెప్పాను. "చెట్టు కింద పెట్టొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నానయ్యా, వింటేగా." తర్వాత మా స్టాఫ్‌కి. తర్వాత పక్క షాపువాళ్ళకి. చెప్పిన ప్రతిసారీ కథ నున్నబడింది. ఆసుపత్రి ముక్క రాలిపోయింది, నవ్వు మిగిలింది. ఏడాది తిరిగేసరికి అది నా కథలన్నిట్లోకీ గిరాకీ ఉన్న కథ అయింది.

ఆయన నా మీద ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. ఎందుకు చేయలేదని ఇప్పుడు ఆలోచిస్తే, మొదటి రోజు షాపులో అన్న ఒక మాట గుర్తొస్తుంది. మా మెకానిక్కులిద్దరు ఏదో కనెక్షన్ కాలిపోయిందని, నువ్వు కలిపావంటే నువ్వు కలిపావని అరుచుకుంటుంటే, ఆయన కుర్చీలోంచి లేచి వెళ్ళి, "లైను తెగితే ఎవరిదిరా తప్పని అడగం. ఎక్కడుంది తప్పని అడుగుతాం. ముందది వెతకండి" అన్నాడు. తనకి జరిగినప్పుడూ అదే చేశాడని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఈలోపు ఒక్కసారి కనపడ్డాడు. సత్తెనపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో రైతులకి సోలారు పంపుల గురించి మీటింగు పెట్టారు. నేను మైకు పట్టుకున్నాను. జనం కునికిపాట్లు పడుతుంటే కథ తీశాను. "ఒకాయనున్నాడండీ, నెత్తిన సోలారు పెట్టుకుని నీడ కోసం వెతుక్కున్నాడు..." హాలంతా గొల్లుమంది. "వేపచెట్టు చల్లగా ఉందండీ, మీ కరెంటే రావట్లేదు" అని ఆయన గొంతు అనుకరించాను కూడా. ఇంకా నవ్వారు. అప్పుడు చూశాను, వెనక వరసలో, గోడ పక్కన. తెల్లచొక్కా, జేబులో టెస్టరు. చుట్టూ అందరూ ఊగిపోతున్నారు. ఆయన నన్నే చూస్తున్నాడు, ఎవరో చిన్నవాడు స్తంభం ఎక్కుతుంటే కింద నుంచి చూసినట్టు.

మీటింగయ్యాక నేను పక్క తలుపులోంచి తప్పించుకోబోతే అక్కడే నిలబడి ఉన్నాడు.

"బాగా చెప్పావు బాబూ," అన్నాడు. "కాకపోతే అది వేపచెట్టు కాదు, తుమ్మచెట్టు."

అని, చేతిని వెనక్కి తిప్పి నా భుజం మీద ఒకసారి ఆనించి, మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత కూడా నేను ఆ కథ చెప్పాను. తుమ్మచెట్టని మార్చి చెప్పాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను జీవితంలో చేయలేదు.

మొన్న ఫిబ్రవరిలో పర్చూరు వైపు పని మీద వెళ్తుంటే రోడ్డు పక్క కల్లంలో ఆ చక్రాల ఇల్లు కనపడింది. బండి ఆపేశాను. తుమ్మచెట్టు నీడలో ఉంది ఇల్లు. టాప్ మీద ఏమీ లేదు. అవతల ఎండలో, మడతమంచంలాంటి ఇనప స్టాండు మీద, నా రెండు ప్యానెళ్ళూ దక్షిణానికి వాలి ఉన్నాయి. స్టాండు కాళ్ళకి పాత సైకిలు చక్రాలు. ఇంటికీ వాటికీ మధ్య నేల మీద పొడుగ్గా నల్లటి వైరు. శుభలేఖ వెనక బొమ్మ తెచ్చి పొలంలో పరిచినట్టుంది.

కాయలు తిరగేస్తున్న రైతు పలకరించాడు. ఇతనూ కౌలురైతే, ఆ పెద్దాయన పక్క చేను చేసేవాడట. ఇల్లు ఇప్పుడు ఇతని దగ్గరుంది.

"ఆయన పోయి నాలుగు నెలలైందండీ. నిద్రలోనే పోయాడు. పుణ్యాత్ముడు."

"ఈ స్టాండు ఎవరు చేశారు?"

"ఇంకెవరు, ఆయనే. ఆవిడ ఆసుపత్రిలోంచి వచ్చేలోపే చేసేశాడు. వారం పట్టింది. అప్పట్నుంచి ఒక్క గంట ఆగలేదండీ ఫ్రిజ్. కానీ ఏం లాభం, ఆవిడ రాలేదుగా."

"రాలేదా?"

"వాళ్ళ అన్న పంపలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా పర్చూరు తీసుకుపోయాడు. చెట్టు కింద సోలారు పెట్టుకున్న తలతిక్క మనిషి చేతిలో మా చెల్లెల్ని మళ్ళీ పెట్టనన్నాడు. గుంటూరులో ఆ షాపువాళ్ళే చెప్పారంట, ఎంత చెప్పినా వినలేదని. అందరూ నవ్వుకున్నారు కూడాను. ఈయన వారం వారం పోయి చూసొచ్చేవాడు. మూడు పంటలు ఒక్కడే ఉన్నాడండీ ఇందులో. ఫ్రిజ్ మాత్రం ఎప్పుడూ వేసే ఉంచేవాడు. లోపలేముందో తెలుసా? మంచినీళ్ళ సీసా ఒకటి. అంతే. ఎందుకండీ అంటే, ఆమె వస్తే చల్లగా ఉండాలిగా అనేవాడు."

ఆ రైతుకి నేనెవరో చెప్పలేదు. ప్యానెళ్ళ మీద దుమ్ము తుడిచే వంకతో కాసేపు అటు తిరిగి నిలబడ్డాను.

షాపుకొచ్చి సొరుగు వెతికాను. శుభలేఖ అడుగున ఉంది. మర్నాడు అది పట్టుకుని పర్చూరు వెళ్ళాను.

వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. ఆవిడ వాళ్ళ మధ్యలో కూర్చుని ఉంది, చిక్కిపోయింది. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టింది.

"నువ్వేనా బాబూ. కూర్చో. ఆయన నీ సంగతి చెప్పేవాడు."

"ఏమని చెప్పేవాడమ్మా?"

"పని శుభ్రంగా చేస్తాడు, బిగింపు బాగుంటుందని."

ఇంక కూర్చోలేకపోయాను. శుభలేఖ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చేతికంటిన కారం చీరకి తుడుచుకుని, బొమ్మని దూరంగా పట్టుకుని చూసింది. చెట్టు, ఇల్లు, పలకలు, మధ్యలో గీత. ఆయన అక్షరాలు.

"ఇదెప్పటిది?"

"మొదటి రోజుదమ్మా. ప్యానెళ్ళు బిగించకముందుది. ఇట్లానే చెయ్యమని చెప్పాడు. నేనే చెయ్యలేదు. ఫ్రిజ్ ఆగుతోందని ఫోన్ చేసి వైరడిగాడు. అదీ నేను పంపలేదు. ఆ తర్వాత జనానికి ఇంకోరకంగా చెప్పాను."

ఆవిడ బొమ్మలో మధ్య గీత మీద వేలు జరిపింది.

"రోజూ ఫోన్ చేసేవాడు," అంది. "ఫ్రిజ్ బాగా చల్లగా ఉంది, రావే అనేవాడు. మా అన్నయ్యని ఒప్పించలేనిదాన్నేం కాదు. నేనే భయపడ్డాను. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కినా ఆయన పనితనం మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఊళ్ళో అందరూ నవ్వుతుంటే మాత్రం, ముసలితనంలో ఈయనకేమన్నా అయిందేమో అనుకున్నాను. ఇట్లా చెయ్యమని నీతో ముందే చెప్పానని ఒక్కసారన్నా నాతో అనలేదు."

నేను చేతులు జోడించాను. ఆవిడ ఆ చేతుల వైపు చూడలేదు. లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది.

"అన్నయ్యా! ఒకసారి ఇటు రా. ఈ అబ్బాయి ఏదో చెప్తాడట, విను."

ఎనభై దగ్గరపడ్డ మనిషి కర్ర ఊతంతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెవి వెనక చెయ్యి పెట్టి, నా వైపు వంగాడు. నేను మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను.

"వినపడదు బాబూ ఆయనకి," అంది ఆవిడ. "నువ్వు మైకులో చెప్పేవాడివటగా. అంత గట్టిగా చెప్పు."

తొడిమలు తీస్తున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎదురింటి గుమ్మంలోకి ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను ఊపిరి పీల్చుకుని, వీధంతా వినపడేటట్టు, మొదటి నుంచీ చెప్పాను.